వేలికి గుచ్చితే 318, ల్యాబ్‌లో 196... ఏది నమ్మాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. కాలి పుండుతో ఆస్పత్రిలో చేర్చాం. నిన్న మధ్యాహ్నం సిస్టర్ వేలికి గుచ్చి చూస్తే 318 వచ్చింది. అదే సమయంలో తీసిన రక్తానికి ల్యాబ్‌లో 196 చూపించింది. ఇన్సులిన్ ఎక్కువ ఇచ్చేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ భయం సరైనదేనమ్మా. గ్లూకోమీటర్‌కూ ల్యాబ్‌కూ కొంత తేడా మామూలే. షుగర్ 100 దాటినప్పుడు నూటికి 95 రీడింగులు ల్యాబ్ లెక్కకు 15 శాతం అటూ ఇటూగా ఉండాలని ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం. ఆ లెక్కన 196 ఉన్నవారికి 225 దాకా రావచ్చు. 318 వచ్చిందంటే మరేదో కారణం ఉంది.

నేనైతే ముందు అడిగేది, అంతకుముందు ఆయన పండేమైనా ఒలుచుకున్నారా అని. చూడటానికి వచ్చినవాళ్లు బత్తాయిలు తెస్తారు. పెద్దాయన మంచం మీద కూర్చుని తనే ఒలుచుకుంటారు. ఆ రసం వేలిమీద ఆరిపోయి కంటికి కనిపించదు. గుచ్చగానే రక్తపు చుక్కలో కలిసి రీడింగ్‌ను పెంచేస్తుంది. స్పిరిట్ దూదితో తుడిచినా పూర్తిగా పోదు. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచాకే గుచ్చాలి.

డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్) సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీసినా షుగర్ లేనిపోని ఎక్కువ చూపించవచ్చు. రక్తహీనత ఉన్నా మీటర్‌లో ఎక్కువ వస్తుంది. మానని పుండ్లున్నవారిలో అది తరచూ చూస్తుంటాం కాబట్టి, హిమోగ్లోబిన్ ఎంతో కనుక్కోండి. బీపీ బాగా పడిపోయినా, చేతులు వాచినా వేలి రక్తాన్ని నమ్మలేం. నరం నుంచి తీసి పరీక్షించాలి. డబ్బా మూత తీసి ట్రాలీ మీద వదిలేసిన స్ట్రిప్పులు గాలిలోని తేమకే పాడవుతాయి.

ల్యాబ్ రిపోర్టూ తప్పు కావచ్చు. రక్తాన్ని షుగర్ తగ్గకుండా కాపాడే బూడిదరంగు మూత ట్యూబులో కాకుండా మామూలు ట్యూబులో ఉంచేస్తే గంటకు 5 నుంచి 7 శాతం షుగర్ తగ్గిపోతుంది. అయితే ఒకటి రెండు గంటల ఆలస్యానికి 318 కాస్తా 196 అవదు.

ఇకమీదట మనిషికీ రీడింగ్‌కూ పొంతన లేదనిపిస్తే, ‘సిస్టర్, చేయి కడిగించాను, సెలైన్ లేని చేతికి ఇంకోసారి చూస్తారా’ అని అడగండి. ఇన్సులిన్ ఇవ్వకముందే అడగండి, మొహమాటపడకండి. ప్రతిసారీ కొత్త లాన్సెట్‌తో (గుచ్చే సూదితో) గుచ్చుతున్నారా అన్నదీ గమనించండి. ఒకరికి వాడినదే ఇంకొకరికి వాడితే హెపటైటిస్-బి అంటుకోవచ్చు.

ఒకవేళ 318 చూసి ఇన్సులిన్ ఎక్కువ ఇచ్చాక ఎప్పుడైనా ఆయనకు చెమటలు పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా వెంటనే సిస్టర్‌ను పిలవండి. మళ్లీ చూస్తే 70 కంటే తక్కువ ఉండి, ఆయన తెలివిగా మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ నోటికిస్తారు. మగతగా ఉంటే మాత్రం మీరు నోట్లో ఏమీ పోయకండి, నరానికి ఎక్కించాలి.