సినిమాను కొన్నారు సరే, పార్కు ఎప్పుడు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: పెద్ద స్టూడియోలు సినిమా ఫ్రాంచైజీలను కొంటున్నాయి కదా, ఆ సినిమాలన్నీ రేపు థీమ్ పార్కులవుతాయా? అలాంటి పార్కులు బయటి దేశాల్లో ఎలా నడుస్తున్నాయి, ఇక్కడ మనకేం పనికొస్తుంది?

డిస్నీ 2009లోనే మార్వెల్‌ను కొనేసింది. మరి ఫ్లోరిడాలోని వాళ్ల సొంత పార్కులో స్పైడర్‌మ్యాన్ రైడ్ ఎందుకు లేదు? అదే రాష్ట్రంలో యూనివర్సల్ వాళ్ల పార్కులో స్పైడర్‌మ్యాన్ ఉన్నాడంటున్నారు.
— బీకాం విద్యార్థి, కర్నూలు

గుత్తకిచ్చిన చేను కొన్నారనుకోండి. రిజిస్ట్రేషన్ మీ పేరునే అవుతుంది, గుత్త డబ్బులూ మీకే వస్తాయి. కానీ గుత్తదారుడు ఉన్నంతకాలం ఆ చేలో మీరు గుంటక తోలలేరు. మార్వెల్ విషయంలో జరిగింది ఇదే.

1994లో మార్వెల్ చేతిలో ఈనాటి సినిమాలూ లేవు, ఈనాటి డబ్బూ లేదు. ఆ ఏడు యూనివర్సల్ మాతృసంస్థతో పార్కు హక్కుల ఒప్పందం రాసుకుంది. దాని మీద 1999లో ఓర్లాండోలో మార్వెల్ సూపర్ హీరో ఐలాండ్ తెరిచారు. పదేళ్ల తర్వాత డిస్నీ 400 కోట్ల డాలర్లు పెట్టి మార్వెల్‌ను కొంటే ఈ కాగితం కూడా వెంట వచ్చింది. దాని ప్రకారం మిసిసిపీ నదికి తూర్పున యూనివర్సల్ వాడుతున్న పాత్రలనూ, వాటి కుటుంబానికి చెందిన పాత్రలనూ ఇంకో పార్కు వాడకూడదు. ఎవెంజర్స్, ఎక్స్‌మెన్, స్పైడర్‌మ్యాన్ అందరూ ఆ ఖాతాలోకి పోయారు. పైగా దీనికి ఫలానా తేదీతో ముగిసే గడువు లేదు. యూనివర్సల్ ఆ ఐలాండ్‌ను సరిగ్గా నడుపుకుంటున్నంత కాలం హక్కు వాళ్లదే.

అందుకే డిస్నీ ఎవెంజర్స్ క్యాంపస్ నదికి పడమరన కాలిఫోర్నియాలో 2021లోనూ, పారిస్‌లో 2022లోనూ వచ్చింది, ఫ్లోరిడాలో రాలేదు. అక్కడ దొరికిన సందు ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’. యూనివర్సల్ వాడుతున్న కుటుంబాల్లో వాళ్లు లేరు కాబట్టి 2022 మేలో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్‌కాట్‌లో వాళ్ల పేరున రోలర్ కోస్టర్ పెట్టారు. రైడ్ పేరులో మాత్రం ‘మార్వెల్’ అన్న మాట కనబడదు.

ఇంకో మెలిక. స్పైడర్‌మ్యాన్ సినిమా తీసే హక్కు సోనీది, పార్కు హక్కు వేరు. ఒకే పాత్రకు సినిమా, బొమ్మలు, పార్కు అని మూడు నాలుగు పట్టాలుంటాయి. ‘ఫలానా కంపెనీ ఫలానా ఫ్రాంచైజీని కొనేసింది’ అన్న వార్త చదివినప్పుడు ముందు అడగాల్సింది ఏ పట్టా కొన్నారని.

ఇంతింత పెట్టి కొన్న కంపెనీలు వచ్చే పదేళ్లలో ఎక్కడెక్కడ కొత్త పార్కులు కడతాయి? మన దేశానికి వస్తాయా?
— ప్రైవేటు ఉద్యోగి, అనంతపురం

కొత్త గేటు తీయడం తక్కువ, ఉన్న గేటు లోపల పాతది తీసి కొత్తది పెట్టడమే ఎక్కువ. 2023లో డిస్నీ పదేళ్లలో పార్కులు, ఓడల మీద 6,000 కోట్ల డాలర్లు పెడతామని చెప్పింది. ఆ తర్వాత ప్రకటించిన పనులు చూడండి. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కుల్లో ఒకటైన యానిమల్ కింగ్‌డమ్‌లో డైనోసార్ల భాగం తీసేసి ఇండియానా జోన్స్, ఎన్‌కాంటో సినిమాల రైడ్లు పెడుతున్నారు. అక్కడిదే ఇంకో పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పడవలు తిరిగిన నదిని 2025 జులైలో మూసి అక్కడ ‘కార్స్’ సినిమా రైడ్లు కడుతున్నారు. ఇండియానా జోన్స్ 2012లో 405 కోట్ల డాలర్లకు కొన్న లూకాస్‌ఫిల్మ్‌తో వచ్చింది, ‘కార్స్’ 2006లో 740 కోట్ల డాలర్లకు కొన్న పిక్సార్‌తో వచ్చింది.

పాతది మార్చడం ఎందుకు సులువో ఒక ఉదాహరణ. కాలిఫోర్నియాలో లిఫ్ట్ కిందికి జారే పాత రైడ్‌ను 2017 జనవరి మొదట్లో మూశారు. మే నెలాఖరుకి అదే బిల్డింగ్ గార్డియన్స్ రైడ్‌గా తెరుచుకుంది. గోడలు, లిఫ్ట్ గుంతలు, మోటార్లు ఉన్నవే. మారింది పై తొడుగు, లోపలి తెరలు, పాటలు, లిఫ్ట్ ఎగిరి దిగే తీరు. ఐదు నెలలు కూడా పట్టలేదు. పునాదుల నుంచి కట్టే ల్యాండ్, అంటే పార్కులో ఒకే సినిమాకు కేటాయించిన భాగం, సంగతి వేరు. లూకాస్‌ఫిల్మ్ కొన్నది 2012లో, స్టార్ వార్స్ ల్యాండ్ ప్రకటించింది 2015లో, తెరిచింది 2019లో.

చాలామంది గమనించని సంగతి ఇంకోటుంది. కొనకుండా అద్దెకు తెచ్చుకున్నవే తొందరగా లేచాయి. యూనివర్సల్ హ్యారీ పాటర్‌ను వార్నర్ దగ్గర లైసెన్సుకు తీసుకుని 2007లో ప్రకటించి 2010లో తెరిచింది. అవతార్ కూడా డిస్నీ ఫాక్స్‌ను కొనకముందే 2011లో లైసెన్సుకు తీసుకున్నదే, 2017లో ల్యాండ్ తెరుచుకుంది. సొంతమైన మార్వెల్‌కు క్యాంపస్ కట్టడానికి పన్నెండేళ్లు పట్టింది. మా ఉద్దేశంలో కారణం ఇది: సొంత ఇంట్లో రిపేరు రేపంటే రేపవుతుంది, అద్దె కట్టేవాడికి మీటరు తిరుగుతుంటుంది. కాబట్టి ఒక కంపెనీ కొనుగోలు వార్త చూసి రెండేళ్లలో రైడ్ వస్తుందని ఎదురుచూడొద్దు.

మన దేశం సంగతికొస్తే, ఈ కంపెనీలు బయటి దేశాల్లో కొన్నిచోట్ల సొంత డబ్బు పెట్టకుండా పేరు మాత్రమే ఇస్తాయి. టోక్యో డిస్నీల్యాండ్‌ను 1983 నుంచి ఓరియంటల్ ల్యాండ్ అనే జపాన్ కంపెనీయే నడుపుతోంది, డిస్నీకి రాయల్టీ వెళుతుంది. 2025 మేలో ప్రకటించిన అబూధాబీ పార్కూ అంతే, కట్టేదీ నడిపేదీ అక్కడి మిరాల్ సంస్థ. ఆ పద్ధతిలో ఇక్కడికి రావాలంటే మొదట ఇక్కడ అంత డబ్బు పెట్టే ఆసామి ఉండాలి.

మన ఫ్యాక్షన్ సినిమాలతో కర్నూల్లో ఒక పార్కు పెడితే ఆడదా? కొండారెడ్డి బురుజు ఎలాగూ ఉంది.
— పాఠకుడు, కర్నూలు

హీరో ముఖం తీసేశాక సినిమాలో ఏం మిగులుతుందో చూడండి. హ్యారీ పాటర్‌లో బడి, రైలు, మంత్రదండం, బటర్‌బీర్ అనే పానీయం మిగులుతాయి. మనిషి నడిచి తిరగడానికి ఊరుంది, కొనుక్కోవడానికి వస్తువుంది. ఫ్యాక్షన్ సినిమాలో మిగిలేది గాల్లోకి లేచే సుమో. రైడ్‌గా అదొక్కటి బాగానే ఉంటుంది కానీ, దాన్ని చూపించి సీమను అమ్ముకోవడం సీమవాళ్లకే నచ్చదు. ఇక బురుజు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకునే కట్టాలి.

గండికోట రోడ్డు మీద మాకు పదెకరాలుంది. ఒక హిట్ సినిమా పేరుతో ఫొటో సెట్లు, రెండు రైడ్లు పెట్టాలనుకుంటున్నాం. నిర్మాతతో మాట్లాడితే సరిపోతుందా?
— పాఠకులు, కడప

సరిపోదు. ముందు మీ సర్వే నంబరు కోటకు ఎన్ని మీటర్లో కొలిపించండి, పై జవాబులో చెప్పిన 100, 200 మీటర్ల లెక్క గండికోటకూ వర్తిస్తుంది.

తర్వాత హక్కులు. మన కాపీరైట్ చట్టంలో సినిమాకు కర్త నిర్మాతే, కానీ పాటల హక్కు సాధారణంగా ఆడియో కంపెనీ దగ్గరుంటుంది. సెట్లో పాట మోగించాలంటే దానికి వేరే లైసెన్సు కావాలి. హీరో బొమ్మ పెట్టాలంటే హీరో అనుమతి వేరు. తన పేరు, తీరు వాడుకున్న సినిమా మీద రజనీకాంత్ మద్రాసు హైకోర్టుకు వెళ్లి 2015లో ఆపించారు. టైటిల్ ఒక్కదానికి కాపీరైట్ ఉండదని అదే ఏడు సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని ధైర్యపడొద్దు, ఆ టైటిల్‌ను వినోద సేవలకు సంబంధించిన 41వ తరగతిలో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసి ఉండొచ్చు. వెతికించండి.

ఒప్పందం రాతపూర్వకంగా, సంతకాలతో ఉండాలి. కాలం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా లెక్కేస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేలా రాసుకోని పక్షంలో, అది రద్దయినట్టే. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్లోని ఈ నియమాలు 30ఎ ద్వారా లైసెన్సులకూ వర్తిస్తాయి. పదెకరాల్లో సెట్లు లేచి, విద్యుత్తు వచ్చి, ఫైర్ ఎన్‌ఓసీ చేతికొచ్చేసరికి ఏడాది ఇట్టే దాటుతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కనీసం మూడేళ్లు ప్రారంభ గడువుగా రాయించుకోండి.

డబ్బు దగ్గర రాయల్టీ శాతం కంటే కనీస హామీ మొత్తాన్ని గట్టిగా చూడండి. ఊహకు ఒక లెక్క: టికెట్ 300, ఏడాదికి 60,000 మంది, రాయల్టీ 8 శాతం. వసూలు కోటీ 80 లక్షలు, రాయల్టీ 14 లక్షల 40 వేలు. కనీస హామీ 20 లక్షలని రాసి ఉంటే, మీరు కట్టేది 20 లక్షలే. ఆ హామీ గిట్టాలంటే 83,334 మంది రావాలి, అంటే రోజుకు సుమారు 228 మంది, వానాకాలపు మంగళవారం నాడు కూడా. రాయల్టీని జీఎస్టీ తీసేసిన మొత్తం మీద లెక్కించాలని రాయించడం మరిచిపోవద్దు.

ఇంకో క్లాజు ఉంది, దాన్ని ఎవరూ అడగరు. నిర్మాణ సంస్థ రేపు ఇంకొకరి చేతుల్లోకి పోతే మీ లైసెన్సు ఏమవుతుంది? మలేసియాలో జెంటింగ్ సంస్థ ఫాక్స్ పేరుతో పార్కు కట్టసాగింది. డిస్నీ ఫాక్స్‌ను కొనే వ్యవహారం నడుస్తుండగా ఆ ఒప్పందం చెడింది. 2018 నవంబరులో జెంటింగ్ కోర్టుకెక్కింది, 2019 జులైలో రాజీపడ్డారు. చివరికి పార్కు 2022లో జెంటింగ్ స్కైవరల్డ్స్ అనే వేరే పేరుతో తెరుచుకుంది. అంత పెద్ద సంస్థకే అలా అయింది. ‘యాజమాన్యం మారినా లైసెన్సు కొనసాగుతుంది’ అన్న ఒక్క వాక్యం, గడువు తీరాక మిగిలిన సరుకు అమ్ముకోవడానికి ఆరు నెలలు, డిజైన్ పంపాక 15 రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అన్న మాట, ఈ మూడూ లాయరుతో పెట్టించండి.

రైడ్‌కు గంటకు ఎంతమంది పడతారో ఎలా లెక్కేస్తారు? సినిమా పేరున్న రైడ్ల దగ్గర క్యూ అంత పొడవెందుకు?
— మెకానికల్ విద్యార్థిని, అనంతపురం

బండికి 20 సీట్లు, నిమిషానికో బండి వదులుతున్నారు. గంటకు 1,200 మంది. లాక్ బార్ సరిచూడటానికి, సెల్‌ఫోన్లు లోపల పెట్టించడానికి ఇంకో 30 సెకన్లు పట్టిందనుకోండి, గంటకు 40 బండ్లే వెళతాయి, 800 మంది. వరుసకు నాలుగు సీట్లుంటే ముగ్గురున్న కుటుంబం ఎక్కి ఒకటి ఖాళీగా పోతుంది. అలా పదో వంతు పోతే 720. క్యూలో వెయ్యి మంది ఉంటే 50 నిమిషాల్లో తెమలాల్సింది 83 నిమిషాలవుతుంది. ఒంటరిగా వచ్చినవాళ్లకు వేరే వరుస పెట్టేది ఆ ఖాళీ సీట్లు నింపడానికే.

సినిమా రైడ్‌కు అదనంగా కథ చెప్పే గది ఒకటుంటుంది. అరవై మంది పట్టే గదిలో నాలుగు నిమిషాల వీడియో వేస్తే గంటకు 900 మందే బయటికొస్తారు. అవతల 1,200 మందిని మోయగల రైడ్ ఊరికే కూర్చుంటుంది. రెండో గది కట్టాలి, లేదా వీడియోను మూడు నిమిషాలకు కోయాలి. దర్శకులు కోయనివ్వరు, గొడవంతా అక్కడే.

ఫ్రాంచైజీ వల్ల వచ్చే చిక్కు ఇంకోటి. జనమంతా ఒక్క రైడ్ కోసమే వస్తారు. స్టార్ వార్స్ ల్యాండ్ తెరిచిన రోజు ఉన్నది ఒక్కటే రైడ్, దాని కాక్‌పిట్‌లో ఆరుగురే పడతారు. రెండోది ఫ్లోరిడాలో 2019 డిసెంబరులో, కాలిఫోర్నియాలో 2020 జనవరిలో వచ్చింది. మీ ఊళ్లో అయితే ఎండ లెక్క కూడా కలపాలి. మనిషికి అర చదరపు మీటరు అనుకున్నా వెయ్యి మందికి 500 చదరపు మీటర్ల నీడ కావాలి. మే నెలలో స్టీలు రెయిలింగ్ పట్టుకోలేరు, గుడ్డో రబ్బరో చుట్టాలి.

షూటింగ్ అయిపోయిన సెట్ చవగ్గా వస్తోంది. తెచ్చి పార్కులో నిలబెట్టొచ్చా?
— ఈవెంట్ నిర్వాహకుడు, అనంతపురం

వద్దు. సినిమా సెట్‌ను కెమెరా ఒక వైపు నుంచి కొన్ని వారాలు చూస్తుంది. పార్కు సెట్‌ను జనం అన్ని వైపుల నుంచీ ఏళ్ల తరబడి తడుముతారు. సెట్‌లో ప్లైవుడ్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, థర్మోకోల్ ఉంటాయి. ప్లాస్టర్ వానకు మెత్తబడి రాలుతుంది. థర్మోకోల్ అంటుకుంటే కరిగి కారుతూ మండుతుంది. గాలిమరలు తిరిగే జిల్లాలో ప్లైవుడ్ గోడ నిలబడే మాట అటుంచి, పడితే ఎవరి మీద పడుతుందో ఆలోచించండి.

ఆ సెట్ నుంచి అచ్చులు తీసుకోండి, నిర్మాత అనుమతితో. వాటితో ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) పలకలు పోయించి గాల్వనైజ్డ్ (జింకు పూత పూసిన) ఇనుప ఫ్రేముకు బోల్టులతో బిగించండి. నేల నుంచి ఆరడుగుల దాకా చేతులు, బ్యాగులు, పిల్లల చెప్పులు తగిలే భాగం, అక్కడ ఎఫ్‌ఆర్‌పీ కాకుండా ఫైబర్ కలిపిన కాంక్రీటు వాడండి. బోలుగా ఉండే ప్రతి ముక్కకూ అడుగున నీళ్లు కారే రంధ్రం పెట్టండి, లేకపోతే లోపల నిలిచిన నీరు ఫ్రేమును తినేస్తుంది. పై కోటు ఎండలోని యూవీ కిరణాలను తట్టుకునేది కావాలి. మామూలు ఎనామెల్ వేస్తే ఎరుపు అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది.

ఎండాకాలం ఎగ్జిబిషన్‌లో స్పైడర్‌మ్యాన్ బొమ్మ గేటుకు పెట్టి టికెట్ అమ్మితే ఎవరు పట్టించుకుంటారు?
— పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

కాపీరైట్ ఉల్లంఘన క్రిమినల్ నేరం. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. గేటుకు బొమ్మ కావాలంటే ఆంజనేయుడిని పెట్టుకోండి. ఆంజనేయుడు ఎవరి ఆస్తీ కాదు, కాకపోతే ఒక సీరియల్‌లోనో సినిమాలోనో గీసిన ఆంజనేయుడి రూపం వాళ్లది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. పది అడుగుల ఆంజనేయుడిని వాళ్ల చేత కొత్తగా గీయించుకోండి, ఆ డిజైన్‌ను గేటు మీద, టికెట్ మీద, టీషర్టు మీద వాడుకునే హక్కు మీకిస్తున్నట్టు కాగితం రాయించుకోండి. ఆ కాగితంలో కాలం, ప్రాంతం రాయడం మర్చిపోవద్దు.