మీ టెన్త్ బ్యాచ్ గెట్ టుగెదర్ గురించి

తమ్ముడూ,

నిన్న ఫోన్లో నువ్వు చదివిన ప్రోగ్రాం లిస్టు విన్నాక నాకు భయమేసిందిరా. 2001 బ్యాచ్‌కి అప్పుడే పాతికేళ్ళా! జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, పరిచయాలు, శాలువాలు, మెమెంటోలు... ఇవన్నీ మా 1994 బ్యాచ్ వాళ్ళం 2019లో చేసి చేతులు కాల్చుకున్నవే. పిలిచిన పెద్దమనిషి రెండు గంటలు లేటు, మైకు పట్టుకున్నోడు వదల్లేదు, భోజనాలు మూడున్నరకి, నాలుగింటికల్లా ఆడపిల్లలు (అందరికీ నలభై దాటాయిలే, నా నోట్లో ఆ మాటే వస్తుంది) బస్సు టైమైందని వెళ్ళిపోయారు. పక్క పక్క కుర్చీల్లో కూర్చుని కూడా ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

మా పబ్లిక్ పరీక్షలప్పుడు పదకొండు పేపర్లు, ఆఖరిది సోషల్ సెకండ్ పేపర్. బయటికి రాగానే ఎవడో ఇంకు పెన్ను క్యాప్ తీసి విదిలించాడు, అంతే, అందరి తెల్ల చొక్కాలూ నీలం. బస్సు ఎక్కకుండా కాలవ గట్టు మీద నడుచుకుంటూ బయల్దేరాం, దార్లో గోలీ సోడా తాగాం, ఒకడు చెప్పు తెగిపోయి చేత్తో పట్టుకుని నడిచాడు, ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. రిజల్ట్స్ వచ్చేదాకా మమ్మల్ని పుస్తకం తియ్యమనేవాడే లేడు. మా అమ్మ నిమ్మచెక్క, ఉప్పు పెట్టి ఎంత రుద్దినా జేబు కింద మరక పోలేదు. 2019లో మేం వెతుక్కుంది ఆ సాయంత్రాన్నే, దానికి ప్రోగ్రాం షీటు ఎక్కడుందిరా?

అందుకే స్టేజీ గంటలో ముగించెయ్. ఫ్లెక్సీ ఒకటి చాలు. మాస్టార్లని మాత్రం పాత టెన్త్ క్లాసు గదిలోనే కూర్చోబెట్టు, మేడ మీద హాలు వద్దు, వాళ్ళ మోకాళ్ళు గుర్తుపెట్టుకో. రోల్ నంబర్ల వరసలో హాజరు పిలిపించు, అది భలే ఉంటుంది. కానీ పోయినవాళ్ళ సంగతి మాస్టారికి ముందే చెప్పు. మేం చెప్పలేదు. ఆయన పదిహేడో నంబర్ రెండుసార్లు పిలిచి, కళ్ళజోడు సర్దుకుని మా వైపు చూశారు, ఎవ్వరికీ నోరు పెగల్లేదు.

చందాలు ఎవరెంత ఇచ్చారో వాట్సాప్ గ్రూపులో పెట్టకు. మా లిస్టు చూసి ఒకడు ఊళ్ళోనే ఉండి కూడా రాలేదు, ఆటో నడుపుతాడు, ఇప్పటికీ నాకు ఎదురుపడితే పక్కకి తిరుగుతాడు. ఆడపిల్లల నంబర్లు ఫేస్‌బుక్‌లో దొరకవు, ఇంటిపేర్లు మారిపోయుంటాయి, పుట్టిళ్ళకి వెళ్ళి వాళ్ళ అమ్మల్ని అడగాల్సిందే. తేదీ అంటావా, సంక్రాంతికి ఎలాగూ అందరూ దిగుతారు, అయితే కనుమ నాడు కాకైనా కదలదు కాబట్టి ముక్కనుమ నాడు పెట్టుకో.

భోజనాలయ్యాక ఏమీ పెట్టకు, మైకు సెట్టు వాడిని కూడా పంపించెయ్. మాకు అసలు కబుర్లు మొదలైంది టెంట్ హౌస్ వాళ్ళు కుర్చీలు ఎత్తేస్తుంటే, బోరింగు పక్కన నిలబడిన ఏడెనిమిది మందికే.

అన్నట్టు, బెల్లు కొట్టే అటెండరు గారిని పిలవడానికి ఒక్కడివే వెళ్ళకు. ఆయనకి ఇప్పుడు సరిగ్గా వినపడదు, నేనూ వస్తా, గట్టిగా అరవడం నాకు అలవాటే.

మీ అన్నయ్య