బ్యాంకుకు ఫోన్ చేశాక పోయిన డబ్బుకు బ్యాంకుదే బాధ్యత

ప్రశ్న: మాది హన్మకొండ. సద్దుల బతుకమ్మకు కట్టుకుందామని పేరున్న షాపింగ్ యాప్‌లో గద్వాల చీర అని చూసి రూ.1,899కి తెప్పించుకున్న. పార్సిల్ విప్పితే పాలిస్టర్ చీర. యాప్‌ల ‘రిటర్న్ లేదు’ అని ఉంది. గూగుల్‌ల కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చేస్తే, రీఫండ్ ఇస్తమని ఒక యాప్ వేయించిండ్రు. కాసేపటికే ఖాతాల నుంచి రూ.28,000 పోయినయ్. వెంటనే ఏటీఎం కార్డు వెనుకున్న నంబరుకు చేసి బ్యాంకుకు చెప్పిన. కంప్లైంట్ నంబరుతో మెసేజ్ వచ్చింది. నలభై నిమిషాలకు మళ్ల రూ.14,600 పోయినయ్. ఇంట్ల చెప్పడానికి భయమై నాలుగు రోజులు ఊకున్న. ఇప్పటికి పన్నెండు రోజులాయె. ‘ఓటీపీ మీ ఫోన్ నుంచే పోయింది, మాకు సంబంధం లేదు’ అంటున్నరు బ్యాంకోళ్లు. చీర మీద కేసేయాలంటే అమ్మినోళ్లున్న సూరత్ పోవాల్నట. నేనేం చేయాలె?

జవాబు: అమ్మా, బ్యాంకు మీకు సగమే చెప్పింది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న సర్క్యులర్‌తో తెచ్చిన నియమం ప్రకారం, ఖాతాదారు అజాగ్రత్త వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు తెలిపేంత వరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలిపిన తర్వాత జరిగిన నష్టమంతా బ్యాంకుదే. మీరు ఫోన్ చేసి, కంప్లైంట్ నంబర్ తీసుకున్నాక కూడా ఖాతాను ఆపకపోవడం వాళ్ల లోపం. ఆ రూ.14,600 మీకు హక్కుగా రావాలి. అంత కంగారులోనూ కార్డు వెనుక నంబరుకు ఫోన్ చేయాలని తోచింది చూడండి, ఈ వ్యవహారం మొత్తంలో మీ చేతిలో ఉన్న పెద్ద బలం అదే.

రూ.28,000 సంగతి కష్టం. ఓటీపీ మీరు నోటితో చెప్పలేదు, వేయించిన ఆ యాప్ ద్వారా మీ స్క్రీన్ మీద ఆ మోసగాడే చూసుకున్నాడు. ఈ తేడా మీద వాదించవచ్చు. పైగా తప్పు ఖాతాదారుదని రుజువు చేసే భారం బ్యాంకు మీదే ఉంది. అయినా ఈ ఒక్క వాదన మీదే ఆశ పెట్టుకోవద్దు. ఇవాళే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పన్నెండు రోజుల తర్వాత ఎందుకని అనుకోకండి. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మళ్లిస్తారు. దారిలో ఎక్కడైనా కొంత చిక్కి ఉంటే ఆ ఖాతాలో స్తంభింపజేస్తారు. అలా ఆగిన డబ్బును భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 503 కింద కోర్టు ద్వారా వెనక్కి తెచ్చుకోవచ్చు. మన రాష్ట్రంలో లోక్ అదాలత్‌లలో కూడా చాలామందికి ఇలా తిరిగొచ్చింది.

ఇలాంటి కేసుల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది, మీరు ఊరుకున్న ఆ నాలుగు రోజుల వంటివి. మొదటి గంటలో 1930కి ఫోన్ పోతే చిక్కే డబ్బు, ఇంట్లో ఏమంటారోనన్న భయంతో చేయి దాటిపోతుంది. ఇది చదువుతున్న భర్తలకు, కొడుకులకు చెబుతున్నాను: ఇంట్లో ఆడవాళ్లు వచ్చి ‘డబ్బులు పోయినయ్’ అంటే ముందు ఫోన్ అందుకోండి. కోప్పడడానికి అది సమయం కాదు.

పోలీసు ఫిర్యాదులో భారతీయ న్యాయ సంహిత 318(4), 319(2) సెక్షన్లు, ఐటీ చట్టం 66డి ప్రస్తావించండి. మోసం, వేరొకరిలా నటించి మోసగించడం వీటి కిందికి వస్తాయి. స్టేషన్‌లో ‘మా పరిధి కాదు’ అంటే నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 చూపించండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం నమోదు చేయాల్సిందే. ఫోన్‌ను మాత్రం ఎవరి మాటా విని ఫార్మాట్ చేయించకండి. ఆ యాప్ పేరు, కాల్ లిస్టు, మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే యాప్ తీసేయండి. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి.

ఇక చీర. దానికోసం సూరత్ పోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు ఉంటున్న చోటే, మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. ‘రిటర్న్ లేదు’ అన్న రాత చూసి వెనక్కి తగ్గకండి. చూపించినదొకటి, పంపినదొకటి అయినప్పుడు అమ్మకందారు సరుకు వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ముందు ఆ షాపింగ్ యాప్ లోపలే ఉండే గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయించండి. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. చీరను, అడ్రస్ అంటించిన కవరును, బిల్లును కేసు తేలేదాకా పారేయకండి.

కస్టమర్ కేర్ నంబరును ఇకముందు యాప్ లోపలే చూడండి. గూగుల్‌లో కనబడే నంబర్లు ఎవరైనా పెట్టగలరు. మనకు డబ్బు రావడానికి పిన్ గానీ, ఓటీపీ గానీ, ఇంకో యాప్ గానీ అక్కర్లేదు.

లాయరు ఖర్చు గురించి బెంగ వద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. హన్మకొండ అదాలత్ కూడలి దగ్గర జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

రేపు బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద కంప్లైంట్ మెసేజ్ వచ్చిన సమయం, రూ.14,600 పోయిన సమయం పక్కపక్కనే రాయండి. కంప్లైంట్ నంబరు వేసి, సంతకం పెట్టి ఇవ్వండి. మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. ఆ తేదీ నుంచి 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేక వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టండి. అక్కడికి జతచేయాల్సింది ఆ స్టాంపు కాగితమే.