వలస పక్షుల కాలం, మన తీరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

భాద్రపదం దాటగానే వలస పక్షుల గురించిన ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి వచ్చిన వాటిలో తూర్పు తీరానికి సంబంధించిన కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒకే విషయాన్ని పలువురు అడిగినప్పుడు వాటిని కలిపి ఒక ప్రశ్నగా తీసుకున్నాం.

ప్రశ్న: వలస పక్షులు చలికాలంలో వస్తాయని చిన్నప్పటి నుంచి వింటున్నాం. సంక్రాంతి సెలవుల్లో చూడటానికి వెళ్తే సరిపోతుందా, లేక ముందే వెళ్లాలా? (డిగ్రీ విద్యార్థిని, అమలాపురం)

జవాబు: సంక్రాంతికి వెళ్లినా పక్షులు కనిపిస్తాయమ్మా, కానీ అప్పటికి వచ్చేవన్నీ వచ్చి స్థిరపడి ఉంటాయి. రాకను, మార్పును, అనుకోని అతిథిని చూడాలంటే ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా ఉన్న కాలమే సరైనది. ఉత్తర ధ్రువ ప్రాంతంలో వేసవి చాలా చిన్నది. కర్ల్యూ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి జాతి పక్షిని తీసుకుంటే, అది సైబీరియా ఉత్తరపు అంచుల్లో జూన్‌లో గుడ్లు పెడుతుంది. పొదిగే పని మొదలవగానే మగ పక్షులు, పిల్లలు కొంత ఎదగగానే ఆడ పక్షులు దక్షిణానికి బయలుదేరతాయి. అందుకే మనకు ఇంకా వానాకాలం నడుస్తుండగానే, ఆగస్టులో, ఇటుక రంగు ఛాతీ ఇంకా పూర్తిగా వెలిసిపోని పెద్ద పక్షులు గోదావరి బురద నేలల మీద వాలి ఉంటాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు మరికొన్ని వారాల తరువాత, దారి చూపే తల్లిదండ్రులు తోడు లేకుండానే, పుట్టుకతో వచ్చిన దిశాజ్ఞానంతో ఇక్కడికి చేరతాయి. వీపు మీద ప్రతి ఈకకూ లేత అంచు ఉండి, పొలుసులు పేర్చినట్టు కనిపించే పక్షి ఈ ఏటి పిల్ల అని గుర్తుపట్టవచ్చు. జనవరికి ఈ తేడాలన్నీ చాలావరకు చెరిగిపోయి, పిల్లా పెద్దా అన్నీ బూడిద రంగులోకి మారతాయి.

అరుదైన పక్షులు ఈ కాలంలోనే ఎక్కువగా తగలడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. తొలి ప్రయాణం చేస్తున్న పిల్లల్లో కొన్ని దిశ తప్పుతాయి, కొన్నింటిని గాలి పక్కకు నెట్టేస్తుంది. పైగా మన దగ్గర ఆగకుండా శ్రీలంకకో ఆఫ్రికాకో వెళ్లిపోయేవి కూడా ఇప్పుడే మన మీదుగా సాగుతాయి. అముర్ డేగ అలాంటిదే. 2013లో నాగాలాండ్‌లో ఉపగ్రహ పరికరాలు అమర్చి వదిలిన అముర్ డేగలు మన ద్వీపకల్పం మీదుగా వచ్చి, అరేబియా సముద్రాన్ని దాటి ఆఫ్రికా చేరాయి. పావు కిలో కూడా తూగని పక్షి చేసే ప్రయాణమిది. నవంబరులో ఆకాశాన్ని కూడా కొంచెం గమనిస్తూ ఉండండి.

ప్రశ్న: మా జిల్లాలోని తేలినీలాపురానికి ఏటా సైబీరియా నుంచి పక్షులు వస్తాయని పత్రికల్లో రాస్తారు. అవి నిజంగా అంత దూరం నుంచే వస్తాయా? (ఉపాధ్యాయుడు, టెక్కలి)

జవాబు: రావు. తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన ఉపఖండపు పక్షులే. ఆహారం, నీరు, గూటికి అనువైన చెట్లు ఎక్కడ దొరికితే అక్కడికి ఇవి కాలాన్ని బట్టి దేశంలోపలే తిరుగుతాయి. అవి ఇక్కడ గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతున్నాయన్నదే దీనికి పెద్ద ఆధారం, ఎందుకంటే సైబీరియా నుంచి చలి తప్పించుకోవడానికి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు, దాని గూడు అక్కడే ఉంటుంది. ఇక అసలు సైబీరియా కొంగ మన దేశంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తరువాత అది అక్కడికి రాలేదు.

ఈ మాట వల్ల ఆ ఊరి పక్షుల గొప్పతనం తగ్గుతుందని అనుకోవద్దు. తరతరాలుగా వాటిని ఊరి చుట్టాలుగా చూసుకుంటున్న ప్రజలున్న చోటు అది. మీ విద్యార్థులకు నిజమైన సైబీరియా ప్రయాణికులను చూపించాలంటే, దగ్గరలోనే ఉన్న నౌపడ ఉప్పు మళ్లకు తీసుకెళ్లండి. అక్కడ నీటి అంచున పరుగులు తీసే, పిచ్చుకంత లిటిల్ స్టింట్‌ను చూపించి, ఇది ధ్రువ ప్రాంతం నుంచి వచ్చిందని చెబితే పిల్లలు ఎన్నటికీ మరచిపోరు.

ప్రశ్న: కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గర బురద నేలల్లో చాలా పక్షులుంటాయని విని ఉదయాన్నే వెళ్లాను. దూరంగా నల్లని చుక్కల్లా కనిపించాయి తప్ప ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాను. నా బైనాక్యులర్స్ మంచివి కావా? (బ్యాంకు ఉద్యోగి, కాకినాడ)

జవాబు: 8x42 బైనాక్యులర్స్ అని రాశారు, అవి చాలు. మీరు వెళ్లిన వేళ కుదరలేదు. అడవి పక్షులకు ఉదయం మంచిదన్న సూత్రం తీరానికి పూర్తిగా వర్తించదు. తీరపు పక్షుల దినచర్యను నడిపేది ముఖ్యంగా సముద్రపు పోటు. నీరు వెనక్కి తీసినప్పుడు బురద మైళ్ల దూరం బయటపడుతుంది, పక్షులు ఆ బురదంతటా చెదిరిపోయి పురుగులనూ చిన్న పీతలనూ ఏరుకుంటూ ఉంటాయి. నీరు పెరుగుతున్నకొద్దీ అవి మేత నేల కోల్పోయి ఒడ్డు వైపు జరుగుతూ వస్తాయి. ఆ రెండు మూడు గంటలే మీకు కావలసినవి. మీరు వాటి వెంట పడనక్కర లేదు, కదలకుండా ఒకచోట కూర్చుంటే అవే మీ ముందుకు వస్తాయి. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో పోటు పెద్దది, అష్టమి నవమి దాటాక చిన్నది, ప్రతి రోజూ వేళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. రేవులో వేటకు వెళ్లే వారిని అడిగితే తిథిని బట్టి నోటి లెక్కగా చెప్పేస్తారు. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ కూడా పోటు వేళల సమాచారం ఇస్తుంది.

రెండో సంగతి వెలుతురు. మనది తూర్పు తీరం కనుక ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే ఉదయపు సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు, ఎంత ఖరీదైన అద్దాలున్నా పక్షి నల్లగానే కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక వెలుగు మీ వెనుక నుంచి వచ్చి పక్షి మీద పడుతుంది, అప్పుడు కాళ్ల రంగు, కంటి మీది గీత కూడా తేటగా తెలుస్తాయి. సాయంత్రం వేళ నీరు పెరిగే రోజును పంచాంగం చూసి ఎంచుకోండి. స్పాటింగ్ స్కోప్ (స్టాండు మీద నిలిపి చూసే దుర్భిణి) ఉన్న మిత్రులెవరైనా తోడుంటే మరీ మంచిది.

కాకినాడ వాసులకు దక్కిన భాగ్యం గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. కోరింగ మడ అడవులూ, హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె కాపు కాసే ఆ అఖాతానికి ఇండియన్ స్కిమ్మర్లు వస్తాయి. నారింజ రంగు ముక్కులో కింది భాగం పై భాగం కన్నా పొడవుగా ఉండి, ఎగురుతూనే దాన్ని నీటిలో దించి చేపను పట్టే పక్షి ఇది. చంబల్, మహానది వంటి నదుల ఇసుక దిబ్బల మీద గుడ్లు పెట్టి, నీళ్లు పెరిగాక తీరానికి చేరుతుంది. ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. గ్రేట్ నాట్ అనే మరో పక్షి కూడా అదే జాబితాలో ఉంటూ అదే అఖాతానికి వస్తుంది. దాని కష్టాలకు మూలం మన దగ్గర లేదు. వలస దారిలో అది ఆగే పసుపు సముద్రపు బురద నేలలను పూడ్చేశారు. దక్షిణ కొరియాలోని సేమంగుమ్‌లో 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో అఖాతాన్ని మూసిన తరువాత ఈ జాతి సంఖ్య బాగా పడిపోయింది. మన బురద నేల విలువ ఎంతో ఇలాంటి పక్షిని చూసినప్పుడు తెలుస్తుంది.

అందువల్ల నిండు పోటు వేళ తిన్నె మీద గుమిగూడి విశ్రాంతి తీసుకుంటున్న పక్షుల దగ్గరకు నడిచి వెళ్లకండి, ఎగిరితే ఫోటో బాగుంటుందని లేపకండి, డ్రోన్ అసలే వద్దు. వేల కిలోమీటర్లు వచ్చిన పక్షి ఒంట్లో కొవ్వే దాని దారి బత్తెం. అనవసరంగా ఎగిరిన ప్రతిసారీ అందులో కొంత కరిగిపోతుంది. తలలు ఎత్తి మీ వైపు చూడటం మొదలుపెట్టాయంటే అప్పటికే మీరు మరీ దగ్గరకు వెళ్లారని అర్థం.

ప్రశ్న: భీమిలి దగ్గర గోస్తని నది సముద్రంలో కలిసే చోట చిన్న ఉల్లంకి పిట్టల గుంపులో ఒకదాని ముక్కు కొస వెడల్పుగా కనిపించింది. అది స్పూన్-బిల్డ్ శాండ్‌పైపర్ అని నాకు గట్టి నమ్మకం. ఫోటో మసకగా వచ్చింది. ఈ విషయం ఎవరికి, ఎలా తెలియజేయాలి? (పక్షి ప్రేమికుడు, విశాఖపట్నం)

జవాబు: మీ ఫోటో శ్రద్ధగా చూశాం. దాన్ని బట్టి అవునని గానీ కాదని గానీ చెప్పడానికి వీల్లేదు. అసాధ్యం మాత్రం కాదు. రష్యా తూర్పు కొసన ఉన్న చుకోట్కాలో పిల్లలను కని, చలికాలానికి బంగ్లాదేశ్, మయన్మార్ తీరాలకు వచ్చే పక్షి అది. రెండూ మన బంగాళాఖాతపు ఒడ్డులే. అయితే ప్రపంచం మొత్తం మీద ఎదిగిన పక్షులు వందల్లో మాత్రమే మిగిలాయి కనుక, అది కాకపోవడానికి గల ప్రతి అవకాశాన్నీ తోసిపుచ్చిన తరువాతే అవునని అనాలి. లిటిల్ స్టింట్ బురదలో పొడిచినప్పుడు ముక్కు కొసకు మట్టి ముద్ద అంటుకుంటుంది, దూరం నుంచి అది అచ్చం గరిటెలా కనిపిస్తుంది. కొంతసేపు ఆగి చూస్తే ఆ మట్టి రాలిపోతుంది. అసలు పక్షి ముక్కు ఎదురుగా చూసినప్పుడే వంటింటి అట్లకాడ కొసలా వెడల్పుగా ఉంటుంది, పక్క నుంచి కాస్త మందంగా ఉన్నట్టు తోస్తుందంతే. కనుక రూపం కన్నా నడవడిని ఎక్కువ నమ్మండి. లిటిల్ స్టింట్ అటూ ఇటూ పరుగెత్తుతూ పైపైన గబగబా పొడుస్తుంది. స్పూన్-బిల్డ్ శాండ్‌పైపర్ తల దించి, ముక్కును పలుచని నీటిలో ఆనించి పక్కలకు ఆడిస్తూ ముందుకు సాగుతుంది. ఫోటో మసకగా ఉన్నా ఒక నిమిషం వీడియో ఉంటే ఈ తేడా స్పష్టంగా దొరికేది. ఈసారి ఫోన్‌నైనా స్కోప్‌కు ఆనించి వీడియో తీయండి.

చూసిన చోటే, పుస్తకం తెరవక ముందే, మీ కళ్లు చూసినది రాసుకోండి: కాళ్ల రంగు, పక్కన ఉన్న పక్షులతో పోలిస్తే పరిమాణం, మేసే తీరు, ఎగిరినప్పుడు రెక్కల మీదా తోక మొదట్లోనూ ఉన్న తెలుపు, దూరం, వెలుతురు. బొమ్మ చూశాక రాసిన వివరణలోకి బొమ్మలోని గుర్తులు తెలియకుండానే వచ్చి చేరతాయి. ఆ వివరాలన్నిటితో, చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో జాబితా నమోదు చేయండి. అక్కడ అరుదైన పక్షుల నమోదులను అనుభవజ్ఞులైన స్వచ్ఛంద సమీక్షకులు పరిశీలిస్తారు. వాళ్లు ప్రశ్నలడిగితే మీ మాట నమ్మలేదని బాధపడకండి. రేపు ఆ సమాచారాన్ని ఆధారం చేసుకుని ఒక తీరాన్ని కాపాడమని ఎవరైనా అడిగినప్పుడు, గట్టి పరిశీలనకు నిలిచిన నమోదే పనికి వస్తుంది.

ఇంకొక సలహా కూడా వినండి. అరుదైన పక్షిని పట్టుకునే కన్ను మామూలు పక్షులను చూసి చూసి తయారవుతుంది. మన తీరంలో డన్లిన్ అనే ఉల్లంకి పిట్టను చూశామన్న ఉత్తరాలు మాకు తరచుగా వస్తాయి. వచ్చిన ఫోటోల్లో చాలావరకు కర్ల్యూ శాండ్‌పైపర్లే ఉంటాయి. దక్షిణాదిన డన్లిన్ అరుదు. ఎగిరినప్పుడు తోక మొదలు పూర్తిగా తెల్లగా ఉంటే కర్ల్యూ శాండ్‌పైపర్, మధ్యలో నల్లని గీత ఉంటే డన్లిన్. శాండ్ ప్లోవర్ల సంగతి ఇంకా కష్టం. లెస్సర్ శాండ్ ప్లోవర్ అని ఇన్నాళ్లూ పిలిచిన పక్షిని ఇటీవలి సంవత్సరాల్లో సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడదీశారు. మన వైపు మామూలుగా కనిపించేది టిబెటన్. సైబీరియన్ అని రాయాలంటే మంచి ఫోటోలు ఉండి తీరాలి. భీమిలిలో ఒక సాయంత్రమంతా లిటిల్ స్టింట్లను మాత్రమే చూడండి. ఆ తరువాత వేరే పక్షి ఏది వచ్చినా అది తేడాగా ఉందని మీ కంటికే తెలిసిపోతుంది.

ప్రశ్న: అక్టోబరులో ఒక రాత్రి మా హాల్లోకి ఆకుపచ్చ వీపు, నీలం రెక్కలు, తోక కింద ఎరుపు ఉన్న పొట్టి తోక పిట్ట వచ్చి పడింది. ఎవరో పెంచుకునే పక్షి తప్పించుకుందని అనుకున్నాం. నిజమేనా? (గృహిణి, మచిలీపట్నం)

జవాబు: మీ వర్ణనను బట్టి అది పొన్నంకి పిట్ట. పెంపుడు పక్షి కాదు. హిమాలయ పాదాల్లోనూ మధ్య భారతపు అడవుల్లోనూ వానాకాలంలో పిల్లలను పెంచి, దక్షిణాదికీ శ్రీలంకకూ రాత్రిపూట ప్రయాణం చేస్తుంది. అలసిపోయి, దీపాల వెలుగుకు దారి తప్పి, ఈ నెలల్లో ఇళ్లలోకి రావడం చాలా ఊళ్లలో జరుగుతుంది. ఇకమీదట ఇలా జరిగితే గాలి ఆడేందుకు రంధ్రాలున్న అట్టపెట్టెలో, చీకటిగా, సందడి లేని చోట ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, అన్నం పెట్టకండి. తేరుకుని గాయాలేమీ లేకపోతే చెట్లున్న చోట సాయంత్రం వదిలేయండి. రెక్క వేలాడుతుంటే అటవీ శాఖ వారికి అప్పగించాలి. దాన్ని ఇంట్లో పెంచుకోవడం చట్టరీత్యా నేరం.

ప్రశ్న: తుఫాను వెళ్లిన మరునాడు మా తీరంలో గద్ద కన్నా పొడవైన రెక్కలతో, చీలిన తోకతో ఒక నల్లని పెద్ద పక్షి తిరిగింది. ఏమై ఉంటుంది? (మత్స్యకార కుటుంబానికి చెందిన పాఠకుడు, కళింగపట్నం)

జవాబు: ఫ్రిగేట్ పక్షి కావచ్చు. నడి సముద్రపు పక్షి అది, మామూలు రోజుల్లో ఒడ్డుకు రాదు. దాని ఈకలు తడికి ఆగవు కనుక నీటి మీద వాలి గాలివానను గడపలేదు, తుఫానుతో పాటు కొట్టుకువచ్చి తీరం మీద పడుతుంది. సూటీ టెర్న్, నాడీ టెర్న్ వంటి ఇతర నడి సముద్రపు పక్షులూ అలాగే వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటినట్టుగా, మన పెద్ద తుఫానుల కాలం, వలసల కాలం తరచుగా ఒకటే అవుతాయి. అలాంటి పక్షి కోసం ప్రమాద సూచికలు ఎగురుతుండగా ఎవరూ తీరానికి వెళ్లకూడదు. తుఫాను పూర్తిగా వెళ్లిపోయాక రెండు రోజుల పాటు లోపలి చెరువులను కూడా చూడవచ్చు, ఎందుకంటే దారి తప్పిన పక్షులు అక్కడా వాలతాయి. వేటకు వెళ్లినప్పుడు మీరు చూసేవి ఒడ్డున ఉన్న మాకు కనిపించవు కనుక, ఇకపై ఫోన్‌లో ఒక ఫోటో, చూసిన తేదీ, ఒడ్డు నుంచి ఎంత దూరంలో చూశారో రాసి పంపితే ఎంతో ఉపయోగం.

ప్రశ్న: పులికాట్ సరస్సులో, శ్రీహరికోట దారిలో అటకానితిప్ప దగ్గర ఒక పక్షి కాలికి ఉంగరం, రంగు బిళ్ల కనిపించాయి. దాన్ని ఎవరైనా పెంచుతున్నారా? (లారీ డ్రైవరు, సూళ్లూరుపేట)

జవాబు: లేదండీ, పక్షుల రాకపోకలు తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు వాటిని పట్టి, గుర్తు వేసి, వెంటనే వదిలేస్తారు. మన దేశంలో ఈ పని దశాబ్దాలుగా చేస్తున్న సంస్థ 1883లో ఏర్పడిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ. రంగు బిళ్ల ఏ కాలికి ఉంది, మోకాలిలా వంగే కీలుకు పైన ఉందా కింద ఉందా, రంగులు ఏ వరుసలో ఉన్నాయి, అక్షరాలు అంకెలు ఏమిటి అన్నవి రాసుకుని, ఫోటో ఉంటే జతచేసి, తేదీ, స్థలంతో ఆ సంస్థకు పంపండి. ఆ గుర్తు ఏ దేశంలో వేసినదైనా, వేసిన వారికి కబురు చేరుతుంది, ఆ పక్షి ఎక్కడ, ఎప్పుడు గుర్తు వేయించుకుందో మీకూ తెలియజేస్తారు. ఉంగరం చదవడం కోసం పక్షిని తరమడం గానీ పట్టడం గానీ చేయవద్దు. చనిపోయిన పక్షికి ఉంగరం కనిపిస్తే చేతితో తాకకుండా అంకెలు కనిపించేలా ఫోటో తీసి, అటవీ శాఖ వారికి తెలియజేయండి.