పటాల వ్యాపారం లేకపోతే కెమోల్డ్ గ్యాలరీ లేదు

కొనేవాళ్లే లేని రోజుల్లో బొంబాయి కెమోల్డ్ గ్యాలరీ మోడరన్ ఆర్ట్‌నే నమ్ముకుని ఎలా నిలబడింది అని అడిగారు. ఈ ప్రశ్న వేస్తే ప్రతివాడూ కళాతృష్ణ అంటాడు, దార్శనికత అంటాడు. నన్నడిగితే ఒకటే కారణం, పటాలు, అంటే ఫ్రేములు. మా నాన్నది సికింద్రాబాద్‌లో పటాలు కట్టే షాపు. ఈ విషయంలో నా మాటకి ఎదురు లేదనే అనుకుంటాను.

కెమోల్డ్ పెట్టిన కెకూ గాంధీ కేంబ్రిడ్జిలో చదువుతూ 1939లో ఇంటికొచ్చాడు. యుద్ధం మొదలయ్యేసరికి తిరిగి వెళ్లలేకపోయాడు. అదే యుద్ధం వల్ల బొంబాయిలో చిక్కుకుపోయిన ఒక బెల్జియం ఆయన పరిచయమై, 1941లో ఫ్రేముల వ్యాపారంలోకి దించాడు. ప్రిన్సెస్ స్ట్రీట్ షోరూమ్‌లో కెకూ ఆ ఫ్రేముల్లో కుర్ర పెయింటర్ల బొమ్మలు బిగించి పెట్టేవాడు: హెబ్బార్, హుస్సేన్, ఆరా. ఈ ఆరా మన బొల్లారంలో పుట్టినవాడే. బొంబాయిలో ఇళ్లల్లో పని చేసి, కార్లు తుడిచి పెయింటరయ్యాడు. హుస్సేన్ గుర్రాలు అందరికీ తెలుసు, ఆరా అంటే మాత్రం మనవాళ్లు తెల్లమొహం వేస్తారు.

జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ 1952లో తెరిచారు. దాని మొదటి అంతస్తులో కెకూ, ఆయన భార్య ఖోర్షెద్ కలిసి 1963లో కెమోల్డ్ గ్యాలరీ పెట్టారు. అంటే అప్పటికే ఇరవై రెండేళ్ల వ్యాపారం చేతిలో ఉంది. బొమ్మ అమ్ముడుపోకపోయినా పటం అమ్ముడవుతుంది. దేవుడికి కావాలి, పెళ్లికి కావాలి, పోయినవాళ్లకీ కావాలి. ఆ ధీమా లేకుండా భూపేన్ ఖఖర్, తయ్యబ్ మెహతా లాంటి మోడరన్ పెయింటర్లని గోడకెక్కించడం అయ్యే పనేనా? 1970లలో వార్లీ తెగ చిత్రకారుడు జివ్యా సోమా మషే బొమ్మలు కూడా అక్కడ పెట్టారు.

మా షాపులో జరిగింది చెప్తాను. ఫైన్ ఆర్ట్స్ కాలేజీ కుర్రాడొకడు బొమ్మకి ఫ్రేము కట్టించుకుని, డబ్బుల్లేక వదిలేసి పోయాడు. ఎర్రరంగు మీద నల్లటి ఆకారం, తల ఎక్కడో చెయ్యి ఎక్కడో తెలియదు. నాన్న దాన్ని వెంకటేశ్వరస్వామికీ షిర్డీ సాయిబాబాకీ మధ్య తగిలించాడు. ఒక ముసలమ్మ "ఇదెవరు బిడ్డా, కాలభైరవుడా?" అని అడిగి, జవాబు వినకుండానే దణ్ణం పెట్టుకుంది.

తర్వాత బట్టల షాపాయన వచ్చాడు. "అన్నా, గా పటం మస్తుంది. లోపలిది తీసేసి మా నాయిన ఫొటో పెట్టియ్యి" అన్నాడు. "లోపలిది పిలగాడిది, నేను తియ్య. గసొంటిదే ఇంకోటి కట్టిస్త" అన్నాడు నాన్న. టేకు బీడింగ్, అంటే ఫ్రేము కట్టే చెక్క పట్టీ, దొరక్క వాళ్ల నాయన పటం ఆలస్యమైంది. ఆయన వచ్చినప్పుడల్లా స్టూలు మీద కూర్చుని ఆ ఎర్రబొమ్మనే చూసేవాడు. "తలకిందులు పెట్టినవేమో చూడు" అని ఒకసారి, "రాత్రి యాదికొచ్చింది" అని ఇంకోసారి. ఆఖరికి రెండూ పట్టుకుపోయాడు. బొమ్మకి ఎంత అడగాలో నాన్నకి తెలియదు, ఫ్రేము ఖర్చుకి మూడింతలు చెప్పాడు. తన ఖర్చు తీసుకుని మిగతాది ఇస్తే, ఇంత చవగ్గా అమ్మేస్తారా అని ఆ కుర్రాడు నాన్న మీదే ఎగిరాడు!

ఇప్పటి గ్యాలరీల్లో ఆ స్టూలు ఏది? హైదరాబాద్‌లో ఒకచోట లోపల అడుగుపెట్టగానే "మీరు కలెక్టరా?" అని, అంటే బొమ్మలు కొని పోగేసేవాళ్లా అని, నా చెప్పుల వైపు చూసి అడిగారు. నేను ముంబైలో ఉద్యోగం చేసిన రోజుల్లో జహంగీర్‌లో కింద సమోవార్ కేఫ్‌లో టీ తాగి, పైన కెమోల్డ్‌లోకి ఊరికే వెళ్లొచ్చేవాణ్ని, ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. 1988 నుంచి కెకూ కూతురు షిరీన్ చూసుకుంటున్నారు. 2007లో గ్యాలరీని ఫోర్ట్‌లోనే ప్రెస్కాట్ రోడ్డుకి మార్చారు. పెద్ద హాలు. సమోవార్ 2015లో మూతపడింది.

మా షాపు ఇప్పుడు తమ్ముడు చూస్తున్నాడు. చెక్క బీడింగ్ అడిగేవాడు లేడు, అంతా సింథటిక్కే. పెళ్లి ఫొటోలైతే అక్రిలిక్ మీద ప్రింట్ కొట్టి స్టూడియోవాళ్లే ఇచ్చేస్తున్నారు. కుర్ర పెయింటర్లకి అరువు పెట్టే స్తోమత వాడికి లేదు, అడిగేవాళ్లూ రావడం లేదు.