సరి ప్రమేయమా, బేసి ప్రమేయమా తేల్చాలంటే గ్రాఫ్ గీయాల్సిందేనా?

ఇంటర్ చదివే మీ తమ్ముడు గ్రాఫ్ చూపిస్తే సరి, బేసి ప్రమేయాలు ఇట్టే చెప్పేస్తున్నాడని, సూత్రం ఇస్తే మాత్రం తికమకపడుతున్నాడని రాశారు. పరీక్షలో వీటితో పనేంటనీ అడిగారు. నేను నల్గొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. దేవరకొండ, నకిరేకల్ నుంచి బస్సెక్కి వచ్చే వాళ్లది కూడా ఇదే గోల.

గ్రాఫ్ వద్దనను. ఎక్స్ ఘనం గీయించి, నోట్‌బుక్ తలకిందులు చేయమంటాను. గీత అలాగే కనిపిస్తుంది, అది బేసి. ఎక్స్ వర్గానికైతే నిలువు అక్షం దగ్గర కాగితం మడిచి వెలుతురుకు పెడితే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, అది సరి. ఇంట్లో మగ్గం ఉన్న పుట్టపాక అమ్మాయికి ఇదీ చెప్పక్కర్లేదు. చీర డిజైన్ సగం గీస్తే మిగతా సగం ఎలా వస్తుందో తనకు ముందే తెలుసు.

సూత్రం ఇస్తే మొదట ప్రదేశం, అంటే ఎక్స్‌కి ఏయే విలువలు ఇవ్వొచ్చో, చూడమనండి. మైనస్ 1 నుంచి 2 వరకే ఇచ్చిన ఎక్స్ వర్గం సరి ప్రమేయం కాదు. 2 ఉంది, మైనస్ 2 లేదు కదా! చాలామందికి మార్కు పోయేది ఇక్కడే. ఆ తర్వాతే ఎక్స్ బదులు మైనస్ ఎక్స్ పెట్టడం. విలువ మారకపోతే సరి, మొత్తానికి గుర్తు మారితే బేసి, రెండూ కాకపోతే ఏదీ కాదు.

ఎప్‌సెట్ పిల్లల్ని బాగా తిప్పలు పెట్టేది ఒకటుంది. ఎక్స్ వర్గం ప్లస్ 1కి వర్గమూలం తీసి, దానికి ఎక్స్ కలిపి, మొత్తానికి లాగ్. చూస్తే బేసి అనిపించదు. మైనస్ ఎక్స్ పెడితే లాగ్ లోపల అదే వర్గమూలం లోంచి ఎక్స్ తీసేసినది వస్తుంది. దీన్ని పాతదానితో గుణిస్తే సరిగ్గా 1. అంటే రెండు లాగ్‌ల మొత్తం సున్నా, కాబట్టి బేసి. దీన్ని మైనస్ 5 నుంచి 5 వరకు సమాకలనం చేయమంటే, అంటే గ్రాఫ్‌కీ అడ్డ అక్షానికీ మధ్య వైశాల్యం అక్షం కింద ఉన్నదాన్ని మైనస్‌గా తీసుకుని లెక్కించమంటే, పెన్ను తీయకుండానే సున్నా రాసేయొచ్చు.

ఇక అసలు సంగతి. ఈ సౌష్ఠవం మూలబిందువు (0, 0) దగ్గరే ఉండాలని లేదు. ఎక్స్ ఘనం మైనస్ 3 ఎక్స్ వర్గం ప్లస్ 5 తీసుకోండి. ఇది సరీ కాదు, బేసీ కాదు. కానీ ఎక్స్ బదులు 1 ప్లస్ హెచ్ పెట్టి విప్పితే హెచ్ ఘనం మైనస్ 3 హెచ్ ప్లస్ 3 మిగులుతుంది. హెచ్ వర్గం ఎగిరిపోయింది! చివరి 3 పక్కన పెడితే మిగిలింది హెచ్‌లో బేసి ప్రమేయం. అంటే (1, 3) బిందువు చుట్టూ సగం తిప్పితే గ్రాఫ్ మళ్లీ తన మీదే పడుతుంది. 0 నుంచి 2 వరకు సమాకలనం ఎంత? సగటు ఎత్తు 3, వెడల్పు 2, జవాబు 6. నమ్మకం లేకపోతే మామూలు పద్ధతిలో చేసి చూడమనండి. ప్రతి ఘన బహుపదికీ ఇలాంటి కేంద్రం ఒకటి ఉంటుంది. ఎక్స్ వర్గం గుణకాన్ని ఎక్స్ ఘనం గుణకానికి మూడు రెట్లతో భాగించి, గుర్తు మారిస్తే దాని ఎక్స్ విలువ దొరుకుతుంది.

సైన్‌ని సైన్ ప్లస్ కాస్‌తో భాగించి 0 నుంచి పై బై 2 (π/2) వరకు సమాకలనం చేయమనే పాత లెక్క కూడా ఇదే. అక్కడ కేంద్రం పై బై 4 దగ్గర, సగటు ఎత్తు అర, జవాబు పై బై 4. పిల్లలు దీన్ని ఫార్ములా అని బట్టీ పడతారు. మీ తమ్ముడితో మాత్రం ఆ గ్రాఫ్ ఒక్కసారి గీయించండి.