గడ్డి పెంచడానికి ఇంత చదువా?

ప్రశ్న: మాది రాయదుర్గం దగ్గర పల్లె, ఐదెకరాల మెట్ట. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. కాలేజీవాళ్లు బళ్లారిలో నేల, నీటి సంరక్షణ పరిశోధన కేంద్రం చూపించినప్పటి నుంచి అలాంటిచోటే పని చేస్తానంటోంది. గడ్డి పెంచడానికి అంత చదువెందుకని ఇంట్లో గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయి మంచిచోటే చూసిందండి. వానలు తక్కువపడే నల్లరేగడి నేలల కోసం 1954లో పెట్టిన కేంద్రమది. ఇప్పుడు డెహ్రాడూన్‌లోని జాతీయ సంస్థ కింద నడుస్తోంది.

అక్కడ గడ్డి పెంచేది మేపుకోసమే కాదు. వాలుకు అడ్డంగా వట్టివేరులాంటి గడ్డిని ఒత్తుగా నాటితే, పారే వాననీరు అక్కడ నెమ్మదించి మట్టిని వదిలేస్తుంది. మట్టి ఎంత ఆగింది, ఎంత పోయింది అని కొలవడమే అసలు పని. గడ్డివరస ఉన్న మడి, లేని మడి పక్కపక్కనే వేస్తారు. ఒక్కోదాని దిగువన ఒక తొట్టి. వాన వెలిశాక తొట్టిలో నీళ్లు కొలిచి, అడుగునున్న బురద లేచేలా కలియబెట్టి, సీసాకు పట్టి, ల్యాబులో ఆరబెట్టి మట్టిని తూకమేస్తారు. ఇలా ఏళ్ల తరబడి చేశాకే ఏ నేలకు ఏ గడ్డి అన్నది తేలుతుంది. మొక్కలంటే ఇష్టం ఉంటే సరిపోదు, లెక్కలంటే విసుగు ఉండకూడదు. బైపీసీ పిల్లలు చాలామంది స్టాటిస్టిక్స్ దగ్గరే బెదిరిపోతారు, ముందే చెప్తున్నా.

ఈఏపీసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరమనండి. పీజీలో సాయిల్ సైన్స్ (నేలల శాస్త్రం) గానీ అగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) గానీ తీసుకోవచ్చు. ఈ కేంద్రాల్లో శాస్త్రవేత్త కావాలంటే వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక బోర్డు (ఏఎస్ఆర్‌బీ) పెట్టే ఏఆర్ఎస్, అంటే వ్యవసాయ పరిశోధన సర్వీసు పరీక్ష నెగ్గాలి. పీహెచ్‌డీ దాకా చదివే ఓపిక ఉండాలి. బీఎస్సీతో ఆగితే టెక్నికల్ పోస్టులకు ప్రయత్నించవచ్చు గానీ, అవి ఎప్పుడు పడితే అప్పుడు రావు. అందాకా బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసర్ పరీక్షలు రాస్తూ ఉండొచ్చు, ఆ డిగ్రీ వాటికీ పనికొస్తుంది. ఒకటి మాత్రం నిజం: ఉద్యోగం వచ్చినా బళ్లారిలోనే ఇస్తారన్న భరోసా లేదు. ఊటీ, కోరాపుట్, కోటా, ఎక్కడికైనా వేయొచ్చు. దూరం పంపేదీ లేనిదీ ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి.

వ్యవసాయ విశ్వవిద్యాలయం సీట్లలో రైతుల కోటా ఉంది. పాసుపుస్తకం మీ పేరునే ఉందా, అమ్మాయి ఊళ్లో చదివిన ఏళ్లకు స్టడీ సర్టిఫికెట్లున్నాయా చూసుకోండి. కౌన్సెలింగ్ మొదలయ్యాక వాటికోసం ఆఫీసుల చుట్టూ తిరిగేకంటే ఈ వేసవిలోపే తెచ్చి పెట్టుకోండి.